నైరుతి మూలలో బావి

ఆ వేసవిలో నేను ప్రయాణం కట్టడానికి కారణం ఒక ఉపన్యాసం. హైదరాబాదులో మా పేట గ్రంథాలయం వారు వార్షికోత్సవ సభలో “భూగర్భశాస్త్రం: దాని అర్థం, పరిధి” అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. బడిలో ఏళ్ళ తరబడి భూగోళం చెబుతున్నవాణ్ని గనుక ఇదీ చెప్పగలనని వారి నమ్మకం. నేను రెండు ఇంగ్లీషు పుస్తకాలు ముందు పెట్టుకొని పన్నెండు పుటలు వ్రాశాను. భూమి పుట్టుక, పొరలు, ఖనిజాలు, శిలాజాలు, అగ్నిపర్వతాలు, అన్నీ వరుసగా వచ్చాయి. వ్రాసినదాన్ని శేషగిరికి చూపించాను. శేషగిరి నా చిన్ననాటి స్నేహితుడు; మద్రాసులో ఈ శాస్త్రమే చదివి, సర్కారు కొలువులో ఊరూరా తిరిగి రాళ్ళు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాడు.

అతడు పన్నెండు పుటలూ ఓపికగా చదివాడు. “తప్పేమీ లేదు పంతులూ,” అన్నాడు. “కానీ ఇది విన్నవాడు ఒక్కడైనా ఇంటికి పోతూ దారిలో కిందికి చూడడు. ఎల్లుండి నేను జడ్చర్ల పోతున్నాను. రెండు వారాల పాటు నాతో రా.”

బడికి వేసవి సెలవులే. యుద్ధకాలం గనుక రైళ్ళు, బస్సులు ఎప్పుడు వస్తాయో ఎప్పుడు పోతాయో తెలియదని ఇంట్లో వారించారు. అయినా బయలుదేరాను.

హైదరాబాదు రాజ్యపు ఫసలీ లెక్కన ఖుర్దాద్ నెల మొదటి వారం, మంగళవారం. కాచిగూడలో ఉదయం ఆరూ నలభైకి బండి. జడ్చర్లకు మూడవ తరగతి టికెట్టు ఇక్కడి నాణెం హాలీ సిక్కాలో పదునాలుగణాలు. ఈ దారిన పోదలచినవారు కుడివైపు కిటికీ పట్టుకోవడం మేలు. పొద్దుటి ఎండ అటు పడదు. శేషగిరి సంచిలో నుండి సుత్తె పిడి పైకి కనిపిస్తున్నది. ఎదురుగా పెద్ద రుమాలు చుట్టుకొన్న ముసలి రైతు ఒకడు దానినే చూస్తూ కూర్చున్నాడు. బండి షాద్‌నగర్ దాటగానే ఆగలేకపోయాడు.

“సారు, గా సుత్తె కొడితే బంగారమున్న జాగా మోగుతదంటరు. నిజమేనా?”

“బంగారం దొరికితే నేను మూడో తరగతిలో ఎందుకు పోతాను తాతా?” అన్నాడు శేషగిరి.

పెట్టెలో అందరూ నవ్వారు. ముసలాయన వదలలేదు. కిటికీలో నుండి గుట్ట చూపించాడు. ఏనుగులంతేసి గుండ్లు ఒకదాని మీద ఒకటి, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేట్టు నిలిచి ఉన్నాయి. “గవ్వి భీముడు గోటీలాడి ఇడిసిపెట్టిండని మా అవ్వ చెప్పేది. మీ సదువుల ఏమున్నది?”

గుట్టంతా ఒకప్పుడు ఒకటే రాయి అని, దానిలో నిలువుగా అడ్డంగా పగుళ్ళున్నాయని, ఆ పగుళ్ళలో వాననీరు దిగి అంచులు పిండిపిండిగా రాలగొట్టిందని, రాలిన పిండి మీ చేనుగా మారిందని, రాలకుండా మిగిలిన గుండ్రటి ముద్దలే ఆ గుండ్లని శేషగిరి చెప్పాడు. రైతు తన అరచేతుల వంక ఒకసారి చూసుకొన్నాడు.

“అంటే నేను దున్నేది గుట్టనేనా?”

“గుట్టనే.”

“అయితే భీముని కంటె నేనే గట్టోణ్ని,” అని బాలానగర్‌లో దిగిపోయాడు.

పదీ పదికి జడ్చర్ల చేరాము. స్టేషను పక్కనున్న ముసాఫిర్‌ఖానాలో సామాను దింపాము. మనిషికి రోజుకు రెండణాలు. నులక మంచం, మంచినీళ్ళ కుండ వాళ్ళవే. పూటకూళ్ళ ఇంట్లో జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, మజ్జిగ. యుద్ధకాలమైనా మజ్జిగ చిక్కగా ఉన్నదని వ్రాయకపోతే అన్యాయం.

శేషగిరికి ఆ ఊరి దగ్గర ఒక మాట బాకీ ఉన్నది. పోయినసారి ఆ దారిన నడుస్తుండగా ఒక ముసలామె అతణ్ని ఆపి, “నువ్వు రాళ్ళు సూసేటోనివి గదా, మా బాయిల నీళ్ళెందుకు పడలేదో సూసిపో,” అన్నదట. అప్పుడు వ్యవధి లేక మళ్ళీ వస్తానన్నాడు. ఆమె పేరు మరియమ్మ. జడ్చర్లకు మూడు మైళ్ళ దూరంలో, ఊరికి ఎడంగా, ముప్ఫై గడపల వాడ వారిది. ఒక తరం కిందట క్రైస్తవులైన కుటుంబాలు. నిన్నమొన్నటి వరకు ఎవరికీ గుంట భూమి లేదు. కూలి మిగుల్చుకొని, చందాలు వేసుకొని వాడ పక్కన అర ఎకరం కొన్నారు. కొన్నది పంటకు కాదు, బావికి. మతం మారినా ఊరి బావిలో వారు చేద వేయరాదు. కుండ దించి దూరంగా నిలబడితే, దయ కలిగినవారు తోడి పోస్తారు. మేము వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఇద్దరు ఆడవాళ్ళు పొద్దున పోయినవాళ్ళు అప్పుడే కుండలతో తిరిగి వస్తున్నారు.

మరియమ్మ అరవై దాటిన మనిషి, విధవ, గొంతు పెద్దది. “రెండు నెల్లాయె,” అన్నది శేషగిరిని చూడగానే. “సారు మర్సిపోయిండనుకున్న.” పక్కన ఆమె మరిది ఏసోబు నిలబడి ఉన్నాడు. వాడకు పెద్ద అతడే. గడ్డపార పట్టడంలోనూ మొదటివాడు.

అర ఎకరానికి ఈశాన్య మూలలో పోయినేడు తవ్విన బావి చూపించారు. బావి అనడానికి లేదు, గొయ్యి. రెండు గజాలు దిగేసరికి నల్లరాయి తగిలింది. కట్టెలు పేర్చి మంట వేసి, వేడి రాయి మీద నీళ్ళు పోసి పగలగొట్టారు. ఊరి బావి దగ్గర నిలబడి తెచ్చుకొన్న నీళ్ళు రాయి మీద పోయడానికి ఎంత మనసు రావాలో ఊహించుకోవచ్చు. ఇంకొక గజం దిగినా తడి లేదు. వానలు వచ్చాయి, పనులు వచ్చాయి, గొయ్యి అట్లే ఉండిపోయింది.

“ఈ చోటు ఎవరు చూపించారు?” అని అడిగాడు శేషగిరి.

“కొబ్బరికాయ చేతిల వట్టుకొని ఒకాయన తిరిగిండు,” అన్నాడు ఏసోబు. “ఈడికి రాంగనే కాయ నిలవడ్డది. జరూర్ పడతయన్నడు. ఎట్లయిన బాయి ఈశాన్యంలనే గదా ఉండాలె.”

“యేసును నమ్ముకున్నా ఈశాన్యాన్ని వదల్లేదన్నమాట,” అన్నాను నేను.

“యేసు ఏడ తవ్వాల్నో చెప్పలే గద సారు!” అన్నది మరియమ్మ.

శేషగిరి ఆ అర ఎకరాన్ని ఒక గంటసేపు నడిచాడు. కొంత దూరం వంగి, కొన్నిచోట్ల గొంతుక్కూర్చొని. పిల్లా పెద్దా వెనక నడిచారు. వాయవ్యం నుండి ఆగ్నేయానికి నల్లటి గుండ్ల వరుస ఒకటి నేలలో నుండి మొలిచినట్టు, పడిపోయిన గోడలా పోతున్నది. అతడు ఒక గుండు ముక్క, గుట్ట వైపున ఇంకొక గుండు ముక్క తెచ్చి పక్కపక్కన పెట్టాడు. రెండూ ఎండకు వానకు మాడి నల్లగానే ఉన్నాయి. సుత్తెతో రెండింటినీ పగలగొట్టాడు. ఒకటి లోపల కూడా మసిబొగ్గులా నల్లగా ఉన్నది. రెండవది లోపల తెలుపు, ఎరుపు కలిసి ఉన్నది.

“రాయికి పైతోలు చూసి పేరు పెట్టకూడదు. పగలగొట్టి లోపల చూడాలి,” అన్నాడు. “ఈ తెల్లనిది మీ గుట్ట రాయి. ఈ నేలంతా అదే. ఈ నల్లది తరవాత వచ్చింది. భూమి లోపల కరిగి, ఒక పొడవాటి పగులులోకి ఎక్కి, అక్కడే గడ్డకట్టింది. మీరు చూస్తున్న వరుస గోడ తల మాత్రమే. గోడ కింద చాలా లోతుకు ఉంటుంది. మీ పాత గొయ్యిలో తగిలిందీ ఇదే. ఇప్పుడు చెప్పండి, గుట్ట మీద పడ్డ వాన ఎటు పోతుంది?”

“గిటు,” అని ఏసోబు నైరుతి నుండి ఈశాన్యానికి చెయ్యి ఊపాడు. పల్లం అటే.

“పైన పారేది అటు పోతుంది. ఇంకినది మొరంలో మెల్లగా అటే జారుతుంది. మధ్యలో గోడ అడ్డం వస్తే?”

మరియమ్మ గోడకు ఇవతలి వైపు, గుట్ట వైపు చూసింది. “గీడ ఆగుతది,” అన్నది.

అంటే తవ్వవలసింది గోడకు పైవైపున, నైరుతి మూలలో. ఆ మాట అనగానే గుంపులో గుసగుసలు లేచాయి. నైరుతిలో గొయ్యి తవ్వితే ఇంటి పెద్ద పోతాడన్నది వారి నమ్మకం. వారిదే కాదు, మా బంధువుల్లో బి.ఏ. చదివినవారిదీ అదే. ఏసోబు ముఖం వాడిపోయింది.

“సారు, జరూర్ పడతయా?” అని అడిగాడు.

నా స్నేహితుడు ఔనంటే ఆ క్షణాన అందరూ గడ్డపారలు తెచ్చేవారు. అతడు అనలేదు. “జరూర్ అని చెప్పలేను. ఆ మూల కంటె ఈ మూల నయం, అంతే చెప్పగలను. గోడలో ఎక్కడైనా పగులుంటే నీళ్ళు జారిపోయి ఉండవచ్చు. గోడ నిలువుగా కాక ఇటు ఒరిగి ఉంటే మీకు మళ్ళీ అదే తగులుతుంది. నాలుగు గజాలు దిగేలోగా, లోపలా బయటా నల్లనైన రాయి తగిలిందంటే నా అంచనా తప్పు. ఆపేయండి. అక్కడ మీ రెక్కలు పోగొట్టుకోకండి.”

“గంత సదివి గిదేనా చెప్పేది?” అన్నాడు వెనక ఎవరో. “కొబ్బరికాయాయన నయం, ఒక్క మాట మీద నిలవడ్డడు.”

వారి నిరాశ న్యాయమే. చేలలో పని లేని ఈ పక్షం రోజులే వాడకు వెసులుబాటు. ఆపైన దేశ్‌ముఖ్ వెట్టికి పిలిస్తే గడ్డపారలతో సహా పోవలసిందే, ఆ తరవాత వానలు. ఏటికి ఒక్క గొయ్యి. ఇది కూడా ఎండిపోతే వచ్చే వేసవి వరకు ఊరి బావి దగ్గర అదే నిలబడటం.

మరియమ్మ కొంగు నడుముకు చెక్కుకొన్నది. “ఒరే, జర ఇనుండ్రి. కొబ్బరికాయాయన జరూర్ అన్నడు. నీళ్ళు పడకపోతే ఏం జెయ్యాల్నో చెప్పిండా? లే. మనం మూడు గజాలు దిగి రాయి మీద సచ్చినం. గీ సారు తప్పు పోతే యాడ ఆగాల్నో ముందుగాలనే చెప్పిండు. గట్ల చెప్పినోణ్ని నా బతుకుల సూడలే.”

“అది గాదు వదినా,” అన్నాడు ఏసోబు. “నైరుతి...”

“ఇంటి పెద్ద పోతడు, గంతే గదా? నీ కన్న పెద్దదాన్ని నేనున్న. నేనే పోత. నీకేంది ఫికర్?”

“నువ్వు పోయేదానివేనా!” అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఏసోబు కూడా నవ్వక తప్పలేదు. సాయంత్రం అయిదుకు నైరుతి మూలలో గీత గీశారు. మొదటి గడ్డపార మరియమ్మే వేసింది.

మరునాడు ఉదయం తొమ్మిదికి కల్వకుర్తి బస్సు. పెట్రోలు కరువు గనుక వెనక బొగ్గు పొయ్యి కట్టి, ఆ పొగతో నడుపుతున్నారు. ఎత్తు వచ్చినప్పుడల్లా కండక్టరు “దిగుండ్రి, దిగుండ్రి” అంటాడు. మేము దిగి బస్సు వెంట నడుస్తాము. పైకి చేరాక ఎక్కుతాము. ఒక పెద్దమనిషి, “టికెట్టు పైసలు మేమియ్యాల్నా, బస్సే మాకియ్యాల్నా?” అని అడిగితే కండక్టరు, “సగం సగం ఏసుకుందాం పటేలా,” అన్నాడు. ముప్ఫై మైళ్ళు పోవడానికి నాలుగు గంటలు పట్టింది. కల్వకుర్తిలో రెండు రాత్రులు, దేవరకొండలో మూడు, అక్కడి నుండి ఎద్దుబండి మీద కృష్ణానది దిక్కుకు. నల్లగొండ జిల్లాలో ఈ దక్షిణపు అంచుకు పోయేవారు నీళ్ళు, అటుకులు వెంట ఉంచుకోవాలి. దారిలో అంగడి లేదు.

గుండ్ల దేశం అక్కడ ముగిసిపోతుంది. రాయి పలకలు పలకలుగా, దస్తరంలో కాగితాలు పేర్చినట్టు మొదలవుతుంది. నది ఒడ్డుకు చేరువలో శేషగిరి ఒక పెద్ద బండ మీద నన్ను కూర్చోబెట్టి, “చేత్తో తడుము,” అన్నాడు. బండ నిండా సన్నని అలలు. వెనక్కి తగ్గిన నీరు ఒడ్డు ఇసుకలో వదిలివెళ్ళే గీతలే, అదే ఎడం, అదే వంపు. అయితే రాయిగా మారాయి. ఏదో ఒక మధ్యాహ్నం, మనిషి అనేవాడు లేని కాలంలో, లోతులేని నీరు ఒకటి ఇక్కడ కదిలింది. ఆ గీతలు చెరిగిపోకముందే మరో పొర ఇసుక మెత్తగా వచ్చి కప్పింది. నేను పన్నెండు పుటలలో “పొరలు” అని వ్రాసిన చోట ఈ బండ లేదు. చాలాసేపు ఆ అలల మీద నుండి చెయ్యి తీయలేదు.

అయినా నా మనసు సగం జడ్చర్ల దగ్గరే ఉన్నది. ఆ పూట బండి నీడలో అటుకులు తింటూ అడిగాను. “ఆ గొయ్యిలో నీళ్ళు పడకపోతే?”

శేషగిరి నదివైపు చూస్తూ చెప్పాడు. “ఎందుకు పడలేదో వెతుకుతాను. గోడ ఒరిగిందని తెలిస్తే ఈ ప్రాంతం గురించి ఒక కొత్త సంగతి తెలిసినట్టే. శాస్త్రానికి నష్టమేమీ లేదు.” అటుకుల మూట పక్కకు జరిపాడు. “మరియమ్మకు ఆ మాట ఎట్లా చెప్పను పంతులూ? ఆమెకు కావలసింది కడివెడు నీళ్ళు.” ఆ తరవాత అతడు సరిగా తినలేదు.

వచ్చిన దారినే తిరిగి, రెండవ సోమవారం మధ్యాహ్నం జడ్చర్లలో దిగాము. హైదరాబాదు బండి సాయంత్రం నాలుగున్నరకు. ముసాఫిర్‌ఖానా వైపు చూడకుండా నేరుగా వాడకు నడిచాము. దూరం నుండే నైరుతి మూలలో మొరం దిబ్బ, దాని మీద జనం కనిపించారు. శేషగిరి నడక తగ్గింది. దిబ్బ మీద ఒక పక్క పెద్ద రాతిముక్కలు పోసి ఉన్నాయి, నల్లటివి.

“తగిలింది,” అన్నాడు నాతో నెమ్మదిగా.

ఏసోబు మమ్మల్ని చూసి ఎదురు వచ్చాడు. ఒంటి నిండా బురద. “మూడు గజాలు పోంగనే ఠంగుమన్నది సారు. నల్లగ కనవడ్డది. మీరు ఆగుమన్నరు గదాని గడ్డపార ఇసిరేసి పైకొచ్చిన.”

“ఇసిరేసింది నా కాలి దిక్కే,” అన్నాడు పక్కవాడు.

“ఒక పూట పని ఆగింది. అందరు నా మీదికే వచ్చిన్రు,” అని మరియమ్మ అందుకొన్నది. “నేను దిగిన. పైన నల్లగనే ఉన్నది, గని పైతోలు సూడొద్దని సారు చెప్పిండు గదా. సమ్మెట దెప్పిచ్చి కొట్టిచ్చిన. లోపల తెల్లగ, ఎర్రగ, నువ్వులు సల్లినట్టు. గుట్ట రాయే! మొరంల కూసున్న గుండు. పగలగొట్టి తీసేసినం.”

శేషగిరి దిబ్బ మీది ముక్క ఒకటి తిప్పి చూశాడు. పగిలిన వైపు నువ్వులు చల్లినట్టే ఉన్నది. చెప్పులు విడిచి గొయ్యిలోకి దిగాడు. నేనూ దిగాను, అతనికంటె చాలా నిదానంగా. అయిదు గజాల దగ్గర మొరం చల్లబడింది. అడుగున, ఆరవ గజంలో, నల్లగోడ వైపు నుండి సన్నని ధార ఒకటి గొయ్యి అంచు వెంబడి జారి గుంటలో చేరుతున్నది. గుంటలో నీరు మోకాలి లోతు, ఎర్రమట్టి రంగు. నిన్న పొద్దున కనబడిందట.

“ఇంకో రెండు గజాలు దిగండి,” అన్నాడు శేషగిరి పైకి వచ్చి. “ఎండలు ముదిరితే మట్టం తగ్గుతుంది. ఇప్పుడే సంబరపడి ఆపొద్దు.”

“ఆపేదెవ్వలు?” అన్నది మరియమ్మ. “నేను గూడ ఇంక పోలే సారు, సూడుండ్రి.”

నీరు తేరుకొనేదాకా ఎవరూ తాగరాదని ఆమె కట్టడి చేసింది. అయినా ఆడవాళ్ళు కుండలు తెచ్చి గట్టు మీద పెట్టుకొని నిలబడ్డారు. ఒక ముసలామె మాత్రం పదిహేను అడుగుల ఎడంగా కుండ దించి, కొంగు సర్దుకొని, ఎవరో పిలిచేదాకా ఆగినట్టు నిలబడి ఉన్నది. మరియమ్మ చూసింది.

“గాడెందుకు నిలవడ్డవే? దగ్గరికి రా. గిది మనదే.”

ముసలామె రెండడుగులు వేసి ఆగింది. మళ్ళీ రెండు వేసింది. గట్టు చేరి లోపలికి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

మూడున్నరకు సెలవు తీసుకొన్నాము. స్టేషనుకు వచ్చేసరికి బండి సిద్ధంగా ఉన్నది. టికెట్టు మళ్ళీ పదునాలుగణాలే. పెట్టెలో మహబూబ్‌నగర్ నుండి వస్తున్న నారాయణపేట చీరల వ్యాపారి మూటల మధ్య కూర్చొని ఉన్నాడు. మాకు చోటిచ్చి, బురద కాళ్ళు చూసి, ఎక్కడ తిరిగారని అడిగాడు. శేషగిరి కిటికీకి తల ఆనించి అప్పటికే కునుకు తీస్తున్నాడు. నేను బావి కథ మొదటినుండి చెప్పాను. చెబుతుండగానే నా ఉపన్యాసం ఎట్లా ఉండాలో నాకు తెలిసింది. ఖనిజాల పట్టికతో కాదు, ఒక గుండును పగలగొట్టి లోపల చూడటంతో మొదలుపెట్టాలి. ఈ రాయి ఏమిటి, ఎట్లా వచ్చింది, ఎటు పోతున్నది, దాని వెనక ఏమి ఆగి ఉన్నది, నా అంచనా తప్పితే ఎట్లా తెలుస్తుంది: ఈ శాస్త్రానికి అర్థం ఇంతే. పరిధి గురించి మాత్రం ఇంకా తేల్చుకోలేకపోయాను.

వ్యాపారి చెవి ఒగ్గి విన్నాడు. చివరకు గొంతు తగ్గించి, “పంతులుగారూ, ఒక్క మాట. మా తాన నూలుకు రంగులద్దెతందుకు రెండు బావులున్నయి. నడుమ గోడే. ఒక బావి నీళ్ళల్ల ఎరుపు పడితే నిలుస్తది. పక్క బావి నీళ్ళల్ల అదే రంగు ఏస్తే మచ్చలు మచ్చలు వడి ఎలిసిపోతది. మా బాపు కాలం నుంచి గంతే. గది గూడ రాయి వల్లనేనా?” అన్నాడు.

నాకు తెలియదన్నాను. శేషగిరి కళ్ళు తెరిచాడు.

“రాయి వల్ల కూడా కావచ్చు,” అన్నాడు. “రెండు బావుల నీళ్ళూ, రెండు బావుల్లో నుండి తీసిన రాయీ చూస్తే తప్ప చెప్పలేను. లోతు ఎంతెంత? తవ్వినప్పుడు పైకి ఏం వచ్చింది?”

వ్యాపారి మూట పక్కకు జరిపి ముందుకు వంగాడు. బల్ల మీది దుమ్ములో వేలితో ఒక గుండ్రం గీశాడు, దాని పక్కన ఇంకొకటి. “గిది మంచిది, గిది సెడ్డది. గిటు ఊరు, గిటు వాగు.” వాగు ఎటు పారుతుందని శేషగిరి అడిగాడు. వ్యాపారి గీత గీసి, చెరిపి, మళ్ళీ గీశాడు. ఎనిమిదింటికి బండి కాచిగూడలో ఆగింది. హమాలీలు ఎక్కి మూటలు ఎవరివని అరుస్తున్నారు. వాళ్ళిద్దరూ ఆ రెండు గుండ్రాల మీద నుండి తల ఎత్తలేదు.